తొంభై ఎనిమిది చెప్పిన అబద్ధం

ముందు నా తెలివితక్కువతనం నేనే చెప్పుకుంటాను. నేను చెప్పకపోతే నా బామ్మర్ది చెబుతాడు. వాడు నాకంటే బాగా చెబుతాడు, పదిమందిని పోగేసి మరీ చెబుతాడు.

నేను మంథనిలో జీవశాస్త్రం చెప్పే పంతుల్ని. రక్తం ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎలా ఎక్కించుకుంటుందో, ఒంట్లో ఎక్కడ దించుతుందో, తిరుగు ప్రయాణంలో కార్బన్ డయాక్సైడ్‌ను ఎలా మోసుకొస్తుందో ఏటేటా పదో తరగతి పిల్లలకు చెబుతూ తల నెరిపించుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి ఒక చలికాలం పొద్దున, మందమర్రిలో మా అత్తగారింట్లో, తలుపులూ కిటికీలూ బిగించుకుని, పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. పైగా తలుపు కింది సందులోంచి చలిగాలి కోస్తోందని నా దస్తీని మడిచి అందులో కుక్కాను. చదువు లేనివాడు గోతిలో ఊరికే పడతాడు. చదువుకున్నవాడు లోతు కొలుచుకుని పడతాడు.

మా మామ బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. ఆయన పోయి చాన్నాళ్లయినా ఆ ఇంటి వాకిట్లో బొగ్గు మాత్రం పోలేదు. గ్యాస్ పొయ్యి మీద చాయ్, బొగ్గుల పొయ్యి మీద నీళ్లు, చలికాలం కుంపట్లో కాసిన్ని నిప్పులు. ఆ కాలనీలో ఇంటింటా ఒక లెక్క ఉంది: బొగ్గు మొదట వాకిట్లో రాజెయ్యాలి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాక గదిలోకి తెచ్చుకోవాలి. ఆ పొద్దున కూడా మా అత్త కుంపటి అందిస్తూ అదే అంది.

“పొగ పోయింది అల్లుడా. నిప్పు మంచిగ పండింది. ఇగ లోపట పెట్టుకో, కండ్లు మండయి.”

కళ్లు మండలేదు. మండేదైతే బాగుండేది, లేచి బయటికి వచ్చేవాణ్ణి. పొగ కనిపిస్తే మనిషి జాగ్రత్త పడతాడు. పొగ పోయిన నిప్పులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ వాక్యాన్ని నేనే బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసి, “ఇది పరీక్షలో వస్తది” అని పిల్లల్ని బెదిరిస్తాను. వచ్చింది. నాకు వచ్చింది.

అసలు సంగతి చెప్పాలంటే నా పాఠం కొంచెం చెప్పాలి. భయపడకండి, మార్కులు వెయ్యను. నా క్లాసులో రక్తం అంటే మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు. ఎర్ర రక్తకణంలో ఉండే హిమోగ్లోబిన్‌లో నాలుగు సీట్లుంటాయి. ఊపిరితిత్తులు బస్టాండు. అక్కడ గాలి తిత్తికీ రక్తానికీ మధ్య ఉల్లిపొర కన్నా పల్చటి గోడ. ఆక్సిజన్ ఆ గోడ దాటి వచ్చి సీట్లో కూర్చుంటుంది. ఒకడు కూర్చుంటే మిగతా ముగ్గురికీ ధైర్యం వస్తుంది, చకచకా ఎక్కేస్తారు. ఇక ఒంట్లో ఎక్కడ కష్టం ఎక్కువ జరుగుతుందో, అంటే పరుగెత్తే పిల్లవాడి పిక్కల్లోనో, నాటు వేసే ఆడవాళ్ల నడుముల్లోనో, అక్కడ వేడీ కార్బన్ డయాక్సైడూ ఎక్కువగా ఉంటాయి. వాటిని చూడగానే హిమోగ్లోబిన్ పట్టు సడలించి ఆక్సిజన్‌ను దించేస్తుంది. అవసరం ఉన్న ఊళ్లోనే ఆపే మంచి బస్సన్నమాట.

తిరుగు ప్రయాణంలో కార్బన్ డయాక్సైడ్ సీటు అడగదు. దాంట్లో ఎక్కువ భాగం వేషం మార్చుకుని, బైకార్బనేట్‌గా రక్తపు నీళ్లలోనే కరిగి వస్తుంది. కొంచెం హిమోగ్లోబిన్‌నే పట్టుకుని వస్తుంది కానీ ఆక్సిజన్ కూర్చునే చోట కాదు, నిచ్చెన పట్టుకుని వేలాడుతూ. ఊపిరితిత్తుల దగ్గర మళ్లీ అసలు రూపంలోకి వచ్చి, నిశ్వాసంలో దిగిపోతుంది. మర్యాదస్తురాలు. మనం దాన్ని అనవసరంగా తిట్టుకుంటాం.

తిట్టాల్సింది దాని తమ్ముణ్ణి, మోనాక్సైడ్‌ను. మన దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ విసిరి “ఆపినం” అనేవాళ్లుంటారు కదా, అది ఆ బాపతు. ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. దిగమన్నా దిగదు. అంతటితో ఆగక పక్క సీట్లలో ఉన్న ఆక్సిజన్‌ను కూడా దిగాల్సిన ఊళ్లో దిగనివ్వదు. బస్సు నిండుగానే తిరుగుతుంటుంది, ఊళ్లేమో ఆకలితో ఉంటాయి. నేను తలుపు కింద దస్తీ వేశాను, అది నా రక్తంలో దస్తీ వేసింది.

మా అత్త నాకు పళ్లెంలో అటుకులు తెచ్చి తలుపు నెట్టేసరికి నేను గోడకు చేరగిలబడి ఉన్నానట. పేపర్లు ఒళ్లోంచి జారి చాప మీద ఉన్నాయట.

“అల్లుడా! ఓ అల్లుడా! గట్ల చూస్తవేంది?”

ఆమె నన్ను రెక్క పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. ఆ ఈడ్పే నన్ను బతికించింది, అందుకు ఆమె కాళ్లకు ఎప్పుడైనా మొక్కుతాను. జామచెట్టు మొదట్లో కక్కుకున్నాను. తల లోపల ఎవరో గడ్డపారతో తవ్వుతున్నారు. లేస్తే కాళ్లు ఒకటి మంచిర్యాల వైపు, ఇంకోటి బెల్లంపల్లి వైపు. అప్పుడు వచ్చాడు నా బామ్మర్ది.

వాడిది సెల్‌ఫోన్ల దుకాణం. కరోనా రోజుల్లో వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ ఒకటి కొన్నాడు. అప్పటినుంచి ఆ ఇంటికి పెద్ద డాక్టరు వాడే. పెన్నులా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఎవరైనా దగ్గితే చాలు, టక్కున వేలికి తగిలిస్తాడు. నా వేలికీ తగిలించాడు.

“తొంభై ఎనిమిది! అవ్వా, ఫికర్ జెయ్యకు. బావకు నాకంటె ఎక్కువనే ఉన్నది.”

“మరి గిట్ల తూలుతుండేందిరా?”

వాడు వంగి నా మొహంలోకి చూశాడు. పోలీసులు చూసినట్టు చూశాడు.

“కండ్లు చూడు, ఎర్రగున్నయ్. మొకం చూడు, ఎర్రగున్నది. కక్కిండు. తూలుతుండు. గాలి మాత్రం మస్తున్నది. ఇంకేందై ఉంటదే? పొద్దుపొద్దుగాల తలుపు పెట్టుకొని, కింద సందుకు దస్తీ గూడ కుక్కి, ఒక్కడు ఏం జేస్తడు?”

“వాసన రాలే గదరా?”

“గిప్పుడు వాసన రానివి గూడ వచ్చినయే అవ్వా.”

ఇక్కడ నా భార్య గురించి చెప్పాలి. ఆమె పక్కనే చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది. పెళ్లయిన కొత్తలో నేను తాగేవాణ్ణి. మంచి తాగుబోతును కూడా కాదు, రెండు పెగ్గులకే ఏడ్చే రకం. ఒకసారి ధర్మపురిలో నర్సింహస్వామి ముందు, ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆనాటినుంచి ముట్టలేదు. మా ఇంటికి పునాది ఏదంటే సిమెంటు కాదు, ఆ ఒట్టు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఆ పొద్దున బామ్మర్ది ఎగతాళిగా లాగింది పునాదిరాయిని.

నేను వివరించబోయాను. అదే నేను చేసిన రెండో తెలివితక్కువ పని.

“మిషన్‌కు... రంగే కనబడతది. సీట్ల ఎవరు కూసున్నరో దానికి తెల్వది.”

“ఎవరు కూసున్నరు బావా? లోపట నువ్వొక్కనివే ఉన్నవ్ గద!”

“లోపట గాదు... బస్సుల...”

“ఇగో, బస్సుల ఉన్నడట!” పక్కింటివాళ్లు కూడా గోడ మీంచి నవ్వారు. “టికెట్ తీసుకున్నవా బావా?”

“మిషన్ అబద్ధం చెప్తుంది రా!”

“తాగినోడే గద బావా, మిషన్‌ను తిట్టేది!”

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ మిషన్ వేలిలోంచి వెలుతురు పంపి రక్తం ఎరుపును చూసి అంకె చెబుతుంది. ఆక్సిజన్ కూర్చున్నా ఎరుపే, మోనాక్సైడ్ కూర్చున్నా ఎరుపే. రోడ్డు మీద నిలబడి నిండు బస్సును చూసి “ఫుల్లు” అనే మనిషిలాంటిది అది. ఎక్కినవాళ్లెవరో దానికి తెలియదు. కానీ సగం ఊపిరితో చెప్పిన సైన్సు, తాగినవాడి మాట ఒకేలా వినిపిస్తాయని ఆ రోజే తెలిసింది.

మా అత్త దవాఖానకు తీసుకుపొమ్మంది. తీసుకుపోవాల్సిందే. నాకు ఆక్సిజన్ పైపు పెట్టి పడుకోబెడితే, అది ఆ దస్తీ వేసినవాణ్ణి నెట్టి నెట్టి త్వరగా దింపేది. “తొంభై ఎనిమిది ఉన్నోన్ని తీస్కపోతె డాక్టర్ నన్ను తంతడు” అన్నాడు బామ్మర్ది. నా అదృష్టం కొద్దీ బయటి గాలే వైద్యం చేసింది, నింపాదిగా, సర్కారు పనిలా. ఎండెక్కేదాకా జామచెట్టు కింద కూర్చున్నాను. నా భార్య చేతిలో చాయ్ గ్లాసును తిరిగి లోపలికి తీసుకుపోయింది.

మధ్యాహ్నం కూర మటన్. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరున్నా లేకున్నా, నల్లిబొక్క అల్లుడి పళ్లెంలో పడాలి. నల్లిబొక్క అంటే లోపల మూలుగ ఉండే గొట్టం ఎముక. ఎర్ర రక్తకణాలు పుట్టేది మూలుగలోనే అని క్లాసులో చెప్పేటప్పుడు నాకు నోరూరేది. ఆ రోజు మా అత్త గరిటెలో నల్లిబొక్క పట్టుకుని నా వైపు చూసి, ఆగి, “కడుపు మంచిగ లేదు గద” అని కొడుకు పళ్లెంలో వేసింది. వాడు దాన్ని పళ్లెం అంచుకు టక్ టక్‌మని కొట్టి, జుర్రుమని పీల్చాడు. ఆ జుర్రు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

తిరుగు బస్సులో నా భార్య నా భుజం మీద తల వాల్చింది. ఎన్నాళ్లకో కదా అని పొంగిపోయాను. కాసేపటికి అర్థమైంది, ఆమె నా నోటి వాసన చూస్తోంది. శ్వాస తిరిగి వచ్చింది, విశ్వాసమే రాలేదు.

కొన్ని వారాల తర్వాత కరీంనగర్‌లో ఒక డాక్టర్‌ను అడిగాను. “ఆ క్లిప్పుకు ఈ తేడా తెల్వదు సార్. రక్తం తీసి వేరే పరీక్ష చెయ్యాలె. కానీ గిప్పుడు చేస్తె ఏం దొరకది, అది ఎప్పుడో దిగిపోయి ఉంటది” అన్నాడు. సాక్షి పారిపోయిన కేసు నాది. ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను.

“డాక్టర్ నీ దోస్తా?” అని అడిగింది, ఉల్లిగడ్డ కోస్తూ. అంతే.

మందమర్రిలో పుట్టిన మందు కథ మంథనికి మంతనాలై చేరింది. పెళ్లిళ్లలో బామ్మర్ది నాకు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ “బావా, ఇండ్ల ఏం కలుపను?” అనేవాడు. చుట్టాలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, నా భార్య మాత్రం నవ్వేది కాదు. ఆమె నవ్వకపోవడమే నన్ను కాల్చేది. పోయిన ప్రతిసారీ నల్లిబొక్క వాడి పళ్లెంలోనే పడేది.

పగ కూడా కుంపటిలాంటిదే. మొదట్లో పొగ వస్తుంది, చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుంది. పొగ పోయాకే అసలు వేడి. నేను పాఠం చెబుతూ వాణ్ణి గాలితిత్తిలో పెట్టి ముడిచేవాణ్ణి. హిమోగ్లోబిన్ బొమ్మ గీస్తూ నాలుగు సీట్లలోనూ వాణ్ణే కూర్చోబెట్టి, అన్నింట్లోంచీ చెవి పట్టి దించేవాణ్ణి. పంతులన్నాక ఆ మాత్రం పంతం ఉండొద్దా? కానీ చేతికి ఏమీ దొరకలేదు. ఊరికే ఉండలేక నేనూ ఒక మిషన్ కొన్నాను, శత్రువు ఆయుధం ఎలా ఉంటుందో చూద్దామని.

ఒక చలి పొద్దున మంథనిలో గోదావరి స్నానం చేసి, వణుకుతూ గట్టెక్కి, ఊరికే వేలికి పెట్టుకున్నాను. గీతలు మెరిశాయి. తర్వాత ఎనభై ఒకటి. తర్వాత డెబ్బై తొమ్మిది. అయిపోయింది, నర్సింహస్వామి ఒట్టు కూడా వేస్టయిందనుకుని మెట్ల మీద కూలబడ్డాను. చాయ్ అమ్మే అతను గ్లాసు చేతిలో పెట్టాడు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తాగి, మళ్లీ పెట్టి చూస్తే తొంభై ఏడు!

ఒంట్లో రక్తానికి ఏమీ కాలేదు. చలికి వేళ్లలోని నాళాలు ముడుచుకుని రక్తం అక్కడిదాకా రావడం తగ్గింది. బస్సు రాని ఊళ్లో నిలబడి ప్రయాణికుల్ని లెక్కపెట్టమంటే మిషన్ ఏం చేస్తుంది? నోటికొచ్చింది చెబుతుంది. చావబోయేవాడికి తొంభై ఎనిమిది చెప్పింది, బాగున్నవాడికి డెబ్బై తొమ్మిది చెప్పింది. నేను నవ్వడం మొదలుపెట్టాను.

“చక్కెర ఎక్కువైందా సారూ?” అన్నాడు చాయ్ అతను.

“లేదు,” అన్నాను. “సరిపోయింది.”

ఎండాకాలంలో బామ్మర్ది కొత్త కారు కొన్నాడు. మేకను కోసి మందమర్రి వాకిట్లో దావత్ పెట్టాడు. ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో మంచుగడ్డలు, వాటి మధ్య సీసాలు, నీళ్లు. కొత్త కారు యజమాని కదా, అందరికీ తన చేత్తోనే తీసి ఇస్తున్నాడు. నేను డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

“ఏం బావా, మంచి జాగ పట్టినవ్!” అన్నాడు. అందరూ నవ్వారు.

“నాకు నీళ్లే. కానీ బామ్మర్దీ, పైన ఉన్నవి వెచ్చగైనయ్. అడుగుల ఉన్నయ్ తియ్యి, చుట్టాలకు సల్లటియి ఇయ్యాలె గద.”

వాడు మోచేతుల దాకా ముంచాడు. ఒక చెయ్యి కాదు, రెండూ. మళ్లీ ఇంకొకరు వచ్చారు, మళ్లీ “అడుగుల” అన్నాను. ఇంకా ఒకరు, ఇంకా అడుగున. వాడి వేళ్లు తెల్లబడ్డాయి. అప్పుడు నేను చాలా ప్రేమగా, పాఠం చెప్పే గొంతుతో అన్నాను.

“ఏంది బామ్మర్దీ, మొకం గుంజుకపోయింది? పొద్దటిసంది పరేషాన్‌ల ఉన్నవ్. జర మిషన్ పెట్టుకో.”

జేబులోనే ఉంది కదా, పెట్టుకున్నాడు. గీతలు, తర్వాత ఎనభై నాలుగు. వేలు మార్చాడు, ఎనభై. ఇంకో చెయ్యి పెట్టాడు, ఏ అంకే లేదు.

“ఓ నా కొడుకో!” అని మా అత్త గరిటె వదిలేసింది. కరోనా రోజుల్లో ఆ ఇంటికి ఆ అంకెల అర్థం నేర్పింది వాడే. తొంభైకి దిగితే ఏం చెయ్యాలో వాడే అందరికీ చెప్పి పెట్టాడు. అందరికీ బాగా గుర్తుంది. “బోర్ల పండబెట్టుండ్రి, బోర్ల!” అని ఎవరో అరిచారు. నలుగురు పట్టుకుని మంచం మీద బోర్లా వేశారు.

“నాకేం గాలే! విడువుండ్రి! మిషన్ ఖరాబైంది!”

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. వంగి వాడి చెవి దగ్గర అన్నాను.

“తాగినోడే గద బామ్మర్దీ, మిషన్‌ను తిట్టేది.”

వాడు మంచం నులకలోంచి నా చెప్పులవైపు చూశాడు. పాపం, దాహమవుతుందేమోనని చల్లటి నీళ్ల సీసా ఒకటి తీసి వాడి రెండు చేతుల్లోనూ పెట్టి, “గట్టిగ పట్టుకో, ధైర్నంగ ఉంటది” అన్నాను.

నా భార్య పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి వేళ్లు పట్టుకుంది, ఉలిక్కిపడి వదిలేసింది. డ్రమ్మువైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. కాపీ కొడుతూ దొరికిన పిల్లవాడిలా నేను నేల చూశాను.

“గీ మిషన్ గిట్ల గూడ చెప్తదా?” అంది మెల్లగా.

“గిట్ల గూడ చెప్తది. గట్ల గూడ చెప్తది.”

“గా దినం?”

“గా దినం గట్ల చెప్పింది.”

ఆమె ఆ పొద్దున చాయ్ గ్లాసు తీసుకుపోయినట్టే గమ్మున లోపలికి పోయింది. కాసేపటికి పళ్లెంతో వచ్చింది. అన్నం, కూర, మీద ఒక పెద్ద నల్లిబొక్క. నా ముందు పెట్టి పక్కనే కూర్చుంది. అందరూ మంచం చుట్టూరా ఉన్నారు, మమ్మల్ని చూసినవాళ్లు లేరు.

“అక్కా!” మంచం మీంచి మూలుగు. “ఆకలైతుందే. ఇగ లేవొచ్చా?”

“పండు తమ్మీ, పండు,” అంది నా భార్య, నా పళ్లెంలో ఇంకాస్త పులుసు పోస్తూ. “అంకె రావాలె గద.”

ఒక వేడి చాయ్ గ్లాసు వాడి చేతిలో పెడితే ఆ అంకె లేచి కూర్చుంటుంది. ఆ ముక్క చెప్పకుండా ఉంటానా? నేను పంతుల్ని. చెప్పాను. ముందు బొక్కను పళ్లెం అంచుకు టక్ టక్‌మని కొట్టి, వాడికి వినిపించేలా జుర్రుమని పీల్చి, ఆ తర్వాత చెప్పాను.